కారులో కొత్త స్టీరియో, నావిగేషన్ యూనిట్ మీరే బిగించుకోవడం ఎలా?

"పాట బాగానే వస్తోంది, కానీ బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పెట్టుకున్న స్టేషన్లన్నీ పోతున్నాయి." "లైట్లు వేయగానే స్టీరియో ఆగిపోతోంది." "మ్యాపులో నా కారు ఎప్పుడు చూసినా పక్క వీధిలోనే ఉంటోంది." నన్ను అడిగేవాళ్ల ప్రశ్నలు తిరిగి తిరిగి ఈ మూడింటి దగ్గరికే వస్తాయి. మూడూ యూనిట్ లోపాలు కావు, బిగించడంలో జరిగిన పొరపాట్లు. అందుకే మొదటి నుంచి చివరి దాకా అంతా ఒకచోట రాస్తున్నాను.

పని కష్టమైనదేమీ కాదు. మొదటిసారి చేసేవాళ్లకు ఒక పూట పడుతుంది, ఓపిక మాత్రం ఉండాలి. రెండు మాటలు ముందే చెబుతాను. వైరు రంగు చూసి కాదు, మీటరు పెట్టి చూసి కలపండి. ప్యానెల్ మూసేముందే అన్నీ పరీక్షించండి. ఈ రెండింటిలో ఏది వదిలేసినా డాష్‌బోర్డు ఇంకోసారి విప్పాల్సి వస్తుంది.

కొనే ముందు

డాష్‌బోర్డులో ఉన్న ఖాళీ కొలవండి. పాతకాలపు సన్నటి స్టీరియో పట్టేది సింగిల్ డిన్: 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు. డబుల్ డిన్‌కు వెడల్పు అంతే, ఎత్తు 100 మి.మీ. ఇప్పుడు వస్తున్న 9, 10 అంగుళాల స్క్రీన్లు ఈ ఖాళీలో ఇమడవు. వాటికి మీ కారు మోడల్ కోసమే చేసిన ఫ్రేమ్ కావాలి. ఫ్రేమ్ దొరుకుతుందని తెలిశాకే యూనిట్ కొనండి. చాలామంది ముందు యూనిట్ కొని, తర్వాత ఫ్రేమ్ కోసం తిరుగుతారు.

లోతు సంగతి ఎవరూ పట్టించుకోరు. యూనిట్ వెనక కప్లర్లు (వైర్లను తగిలించే ప్లాస్టిక్ ప్లగ్గులు), వైర్ల కట్ట, యాంటెన్నా ప్లగ్ పట్టాలంటే నాలుగైదు సెంటీమీటర్లయినా ఖాళీ ఉండాలి. కొన్ని కార్లలో సరిగ్గా అక్కడే ఏసీ గాలి గొట్టం అడ్డొస్తుంది.

ఇంకో మూడు విషయాలు చూసుకోవాలి. స్టీరింగ్ మీద ఆడియో బటన్లు ఉన్నాయా? కారులో కంపెనీ వాళ్లు పెట్టిన ఆంప్లిఫయర్ విడిగా ఉందా? కారు కాన్‌బస్ రకమా, అంటే లోపలి కంప్యూటర్లు డేటా వైర్ల మీద మాట్లాడుకునే రకమా? కాన్‌బస్ కార్లలో స్టీరియో దగ్గరికి తాళం తాలూకు వైరు విడిగా రాకపోవచ్చు. తాళం ఆన్‌లో ఉందా, లైట్లు వేశారా, రివర్స్ గేరు పడిందా అనే సమాచారం మొత్తం రెండు డేటా వైర్ల మీదే వస్తుంది. దాన్ని మామూలు 12 వోల్టుల సిగ్నల్‌గా మార్చే చిన్న డీకోడర్ డబ్బా మీ మోడల్‌కు తగినది తీసుకోవాలి. అది లేకుండా అలాంటి కారు మొదలుపెట్టకండి.

కావాల్సినవి

- మల్టీమీటర్. మామూలుది చాలు, కానీ ఇది లేకుండా పని వద్దు.
- మీ కారు కప్లర్‌కు సరిపోయే అడాప్టర్ హార్నెస్ (కప్లర్‌తో వచ్చే వైర్ల కట్ట), యాంటెన్నా అడాప్టర్.
- ఫ్రేమ్, పక్క బ్రాకెట్లు.
- ప్యానెల్ విప్పే ప్లాస్టిక్ పుల్లలు, స్టార్ స్క్రూడ్రైవర్, బ్యాటరీ టెర్మినల్‌కు పట్టే స్పానర్. చాలా కార్లలో 10 నంబరు సరిపోతుంది.
- క్రింపింగ్ ప్లయర్, క్రింప్ ట్యూబులు. టంకం పెట్టడం బాగా వస్తే టంకం, దాని మీదికి హీట్ ష్రింక్ గొట్టం.
- బట్ట టేపు, కేబుల్ టైలు, ఫోమ్ ముక్క, మాస్కింగ్ టేపు.
- స్క్రూలు వేసుకోవడానికి చిన్న గిన్నెలు. నవ్వకండి, సగం టెన్షన్ వీటితోనే తగ్గుతుంది.

నల్ల ఇన్సులేషన్ టేపును ఈ జాబితాలో కావాలనే చేర్చలేదు. ఎండలో నిలిపిన కారులో డాష్‌బోర్డు వెనక వేడికి దాని జిగురు కరిగి, కొన్నాళ్లకు టేపు ఊడి జారిపోతుంది. కింద ఉన్న వైరు బయటపడుతుంది.

అడాప్టర్ హార్నెస్ మీద లోభం వద్దు. కారు వైరింగ్‌ను కత్తిరించకుండా, కప్లర్‌కు కప్లర్ తగిలించి పని ముగించేది అదే. రేపు పాత స్టీరియో మళ్లీ పెట్టాలన్నా, కారు అమ్మాలన్నా అసలు వైరింగ్ చెక్కుచెదరకుండా ఉంటుంది. కప్లర్ కత్తిరించి వైర్లు మెలిపెట్టిన కారును తర్వాత సరిచేయడం ఎంత చిరాకో నాకు బాగా తెలుసు.

1. బ్యాటరీ మైనస్ తీసేయండి

ముందు తీయాల్సింది మైనస్ టెర్మినల్, చివర పెట్టాల్సిందీ అదే. ప్లస్ ముందు విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలి షార్ట్ అవుతుంది. మైనస్ తీశాక కనీసం 10 నిమిషాలు ఆగండి, ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో నిలవ ఉన్న చార్జి దిగిపోవాలి.

పాత స్టీరియోకు సెక్యూరిటీ కోడ్ ఉంటే బ్యాటరీ తీయకముందే రాసుకోండి. బ్యాటరీ తిరిగి పెట్టాక కొన్ని కార్లలో పవర్ విండోలను పూర్తిగా కిందికీ పైకీ నడిపి మళ్లీ సెట్ చేసుకోవాల్సి వస్తుంది. అది లోపం కాదు.

హెచ్చరిక: డాష్‌బోర్డు లోపల పసుపు రంగు కప్లర్లు, పసుపు గొట్టంలో వెళ్లే వైర్లు కనిపిస్తే ముట్టుకోకండి, మీటరు కూడా పెట్టకండి. అవి ఎక్కువగా ఎయిర్‌బ్యాగ్‌వి.

2. ప్యానెల్, పాత యూనిట్ విప్పండి

గేర్ లివర్ చుట్టూ, ఏసీ నాబ్‌ల పక్కన మాస్కింగ్ టేపు అతికించండి. గీతలు పడేది అక్కడే. ప్లాస్టిక్ పుల్లను అంచులో దూర్చి, ఒకేచోట బలం పెట్టకుండా చుట్టూ కొంచెం కొంచెంగా లేపండి. చలిలో ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, కాసేపు ఎండలో పెట్టి మొదలుపెడితే క్లిప్పులు విరగవు. ఎక్కడైనా గట్టిగా పట్టి ఉంటే మీకు కనిపించని స్క్రూ ఒకటి ఉందన్నమాట. లాగడం ఆపి వెతకండి.

ప్యానెల్ ఊడగానే ఒక్కసారిగా లాగకండి. హజార్డ్ బటన్, ఏసీ స్విచ్చుల వైర్లు వెనక ఉంటాయి. కప్లర్ విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీయండి. ఎన్ని ఫొటోలు తీస్తే అంత మంచిది.

3. ఏ వైరు ఏమిటో మీటరుతో కనుక్కోండి

అసలు పని ఇదే, తొందర వద్దు. కొత్త యూనిట్ హార్నెస్‌లో రంగులు దాదాపు అన్ని కంపెనీలవీ ఒకేలా ఉంటాయి. కారు వైపు రంగులు మాత్రం ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. కారు వైపు పసుపు ఉంది కదా అని యూనిట్ పసుపుకు కలిపేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. రెడీమేడ్ అడాప్టర్ కొన్నా ఈ పరీక్ష తప్పదు. యూరప్ కార్లలో ఎక్కువగా కనిపించే ఐసో కప్లర్‌లో 4వ పిన్ ఎప్పుడూ కరెంటు ఉండేది, 7వ పిన్ తాళం తిప్పితే వచ్చేది. కొన్ని కార్లలో ఈ రెండూ తారుమారుగా ఉంటాయి.

ఇప్పుడు బ్యాటరీ మైనస్ తాత్కాలికంగా తగిలించాలి. దానికి ముందు విప్పిన ప్యానెల్ స్విచ్చుల కప్లర్లన్నీ తిరిగి తగిలించండి, ప్యానెల్ వేలాడుతున్నా పరవాలేదు. కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్ సూచిక లైటు ఆ ప్యానెల్‌లోనే ఉంటుంది. అది ఊడి ఉండగా తాళం ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ వార్నింగ్ వెలిగి, స్కానర్ పెట్టి తీయించేదాకా పోదు.

మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల ప్రోబ్‌ను రంగు లేని లోహపు బాడీకి ఆనించండి. ఎర్ర ప్రోబ్‌తో కారు కప్లర్‌లోని పిన్నులను ఒక్కొక్కటిగా తాకండి. ఒకేసారి రెండు పిన్నులకు తగలనివ్వకండి.

- తాళం తీసేసినా 12 వోల్టుల పైన చూపిస్తే అది శాశ్వత లైను. యూనిట్ పసుపు వైరు దీనికి.
- తాళం తీస్తే సున్నా, ఏసీసీ స్థానానికి (ఇంజిన్ స్టార్ట్ కాకముందు వచ్చే మెట్టు) తిప్పితే 12 వస్తే అది యూనిట్ ఎరుపు వైరుకు. ఇంజిన్ స్టార్ట్ చేసే క్షణంలో ఇది కాసేపు పోతుంది, అది మామూలే.
- పార్కింగ్ లైట్లు వేసినప్పుడే వోల్టేజీ వస్తే అది స్విచ్చుల వెలుతురు లైను. నారింజ వైరు దీనికి.
- ఎర్త్ కనుక్కోవడానికి ఎర్ర ప్రోబ్‌ను ఇందాక దొరికిన శాశ్వత లైనుకు, నల్ల ప్రోబ్‌ను అనుమానం ఉన్న పిన్నుకు పెట్టండి. 12 చూపించాలి. అక్కడితో ఆగకుండా పార్కింగ్ లైట్లు వేసి మళ్లీ చూడండి. అప్పుడూ 12 అలాగే ఉంటేనే అది అసలైన ఎర్త్. యూనిట్ నలుపు వైరు దీనికే.

లైట్లు వేసి చూడమనడానికి కారణం ఉంది. ఒక స్నేహితుడి కారుకు నేనే బిగించాను. పగలంతా స్టీరియో అద్భుతంగా పనిచేసింది. చీకటి పడ్డాక లైట్లు వేయగానే ఆగిపోయింది, ఆర్పితే మళ్లీ వచ్చింది. యూనిట్‌దే తప్పని దాన్ని మార్పించడానికి కూడా సిద్ధపడ్డాం. తీరా చూస్తే నేను ఎర్త్ అనుకుని కలిపింది వెలుతురు లైను. లైట్లు ఆరి ఉన్నప్పుడు చిన్న బల్బుల గుండా దానికి ఎర్త్ దొరుకుతుంది, మీటరు కూడా నిజమైన ఎర్త్ లాగే చూపిస్తుంది. లైట్లు వేయగానే అదే వైరు మీదికి 12 వోల్టులు వస్తాయి, యూనిట్‌కు ఎర్త్ పోతుంది. రెండు గంటలు పట్టింది ఆ సంగతి బుర్రకెక్కడానికి.

కప్లర్‌లో సరైన ఎర్త్ దొరకకపోతే డాష్‌బోర్డు వెనకున్న లోహపు బ్రాకెట్ బోల్టు కింద, పెయింట్ గీకి, రింగు టెర్మినల్‌తో బిగించండి. తాళంతో వచ్చే లైను దొరకకపోతే ఫ్యూజ్ బాక్స్‌లో సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజు దగ్గర ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజు చోటనే గుచ్చి అదనంగా ఒక వైరు తీసే ముక్క) పెట్టి తీసుకోవచ్చు. అది తాళంతోనే ఆన్ అవుతోందో లేదో ముందు చూసుకోండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ ఫ్యూజుల జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఈ పనికి పాత బల్బు టెస్టర్ వాడకండి. అది లాగే కరెంటుకు కొత్త కార్లలోని సన్నటి ఎలక్ట్రానిక్ లైన్లు పాడయ్యే ప్రమాదం ఉంది.

4. స్పీకర్ వైర్లు గుర్తించండి

బ్యాటరీ మైనస్ మళ్లీ తీసేయండి. యూనిట్ వైపు రంగులివి: తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల చార ఉన్నది మైనస్, లేనిది ప్లస్.

కారు వైపు జతలు తెలియకపోతే మీటరును ఓమ్స్‌లో పెట్టి చూడండి. 4 ఓమ్స్ స్పీకర్ అయితే రెండు వైర్ల మధ్య 3.2 నుంచి 4 దాకా చూపిస్తుంది. ఏ డోరుదో, ఏది ప్లస్సో తెలియాలంటే 1.5 వోల్టుల సెల్‌ను ఆ జతకు అర సెకను తాకించండి. టక్‌మని ఏ డోరులో వినిపిస్తే అది దానిది. స్పీకర్ కోన్ బయటికి వస్తే సెల్ ప్లస్ తాకింది స్పీకర్ ప్లస్‌కే, లోపలికి పోతే తిరగేసినట్టు. కంపెనీ వాళ్ల ఆంప్లిఫయర్ విడిగా ఉన్న కార్లలో ఈ సెల్ పరీక్ష చేయకూడదు, అక్కడ వైర్లు స్పీకర్‌కు కాకుండా ఆంప్లిఫయర్‌కు వెళ్తాయి.

హెచ్చరిక: స్పీకర్ మైనస్‌ను కారు బాడీకి గానీ, ఇంకో స్పీకర్ మైనస్‌కు గానీ కలపకండి. ఇప్పటి యూనిట్లలో స్పీకర్ రెండు వైర్లనూ ఆంప్లిఫయరే నడుపుతుంది, మైనస్ అంటే ఎర్త్ కాదు. కలిపితే లోపలి ఆంప్లిఫయర్ చిప్ కాలిపోవచ్చు. చాలా పాత కార్లలో అన్ని స్పీకర్లకూ కలిపి ఒకే ఉమ్మడి మైనస్ వైరు ఉంటుంది. అలాంటి కారైతే డోర్లకు కొత్త వైర్లు లాగక తప్పదు.

5. జాయింట్లు బల్ల మీదే వేసేయండి

అడాప్టర్ హార్నెస్‌నూ యూనిట్ హార్నెస్‌నూ కారులో వంగి కూర్చుని కాకుండా, బల్ల దగ్గర కలపండి. వైరు చివర 8 మి.మీ. దాకా పై తొడుగు ఒలిచి, క్రింప్ ట్యూబులో దూర్చి ప్లయర్‌తో నొక్కండి. నొక్కాక గట్టిగా లాగి చూడండి, ఊడితే ఇప్పుడే ఊడాలి. మెలిపెట్టి టేపు చుట్టడం మాత్రం వద్దు. బండి కుదుపులకు అది వదులై, గుంత వచ్చినప్పుడల్లా పాట ఆగుతుంది.

మిగతా వైర్ల గురించి క్లుప్తంగా. నీలం వైరు యాంటెన్నాకు, తెల్ల చార ఉన్న నీలం వైరు విడి ఆంప్లిఫయర్‌ను ఆన్ చేయడానికి. రెండింటిలోనూ కరెంటు యూనిట్ నుంచి బయటికి వస్తుంది, బయటి నుంచి వాటికి 12 వోల్టులు ఇవ్వకూడదు. వాడని వైర్ల చివరలకు ఒక్కోదానికి విడివిడిగా హీట్ ష్రింక్ తొడగండి. అన్నిటినీ కలిపి ఒకే ముడి వేయడం షార్ట్‌ను పిలిచి కూర్చోబెట్టడమే.

లేత ఆకుపచ్చ వైరు హ్యాండ్ బ్రేక్ స్విచ్‌కు వెళ్లాలి. బ్రేకు వేస్తే ఆ స్విచ్ ఎర్త్ అవుతుంది, అప్పుడే యూనిట్ వీడియో చూపిస్తుంది. దాన్ని నేరుగా ఎర్త్‌కు కలిపేస్తే నడుస్తుండగానే వీడియో వస్తుంది, ఎలా అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎలాగో తెలుసు, చేయను, చేయమనీ చెప్పను. డ్రైవర్ ముందు సినిమా ఆడకూడదనే ఆ వైరు పెట్టారు.

ఫ్యూజు విషయం. యూనిట్ వెనక ఉండేది ఎక్కువగా 10 లేదా 15 ఆంపియర్లది. అది కాలిపోతుంటే పెద్ద ఫ్యూజు వేయకండి, షార్ట్ ఎక్కడుందో వెతకండి. పెద్ద ఫ్యూజు వేస్తే ఈసారి కాలేది వైరు.

6. జీపీఎస్ యాంటెన్నా పెట్టండి

ఉపగ్రహాలు దాదాపు 20,000 కిలోమీటర్ల పైన ఉంటాయి, అక్కడి నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. కాబట్టి యాంటెన్నాకు పైన ఆకాశం అడ్డు లేకుండా ఉండాలి. మంచి చోటు ముందు అద్దం కింద డాష్‌బోర్డు మీద, అయస్కాంతం ఉన్న వైపు కిందికి. బయటికి కనిపించకూడదనుకుంటే డాష్‌బోర్డు ప్లాస్టిక్ కింద పెట్టొచ్చు, ప్లాస్టిక్ గుండా సిగ్నల్ వస్తుంది. లోహం గుండా రాదు. అందుకే యూనిట్ నెత్తిమీదో, డాష్‌బోర్డు లోపలి ఇనుప కడ్డీ కిందో పడేస్తే మ్యాపులో కారు ఎగురుతూ ఉంటుంది. వేడి ఆపే లోహపు పూత ఉన్న అద్దాలు కూడా సిగ్నల్‌ను తగ్గిస్తాయి. అలాంటి అద్దానికి పూత లేని చోటు కొంత వదిలి ఉంటే దాని కింద పెట్టండి.

డ్యాష్‌క్యామ్‌కూ, దాని చార్జర్‌కూ దూరంగా ఉంచండి. నాసిరకం చార్జర్ పక్కనుంటే జీపీఎస్ గుడ్డిదవుతుంది.

కేబుల్‌ను గట్టిగా మడవకండి, మిగిలిన పొడవును పెద్ద చుట్టలుగా వదులుగా కట్టండి. ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగ్ మూత మీదుగా లాగొద్దు. అద్దం పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే కేబుల్ దాని వెనక నుంచి, కంపెనీ వైర్లతో పాటే వెళ్లాలి. ముందు నుంచి వెళ్తే ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే దారికి అడ్డమవుతుంది.

యూనిట్‌లో స్పీడ్ సిగ్నల్ వైరు ఉండి, మీ కారులో ఆ లైను ఖచ్చితంగా దొరికితే కలపండి. సొరంగాల్లో, ఫ్లైఓవర్ల కింద ఉపగ్రహం అందనప్పుడు చక్రం వేగాన్ని బట్టి యూనిట్ చోటు లెక్కగడుతుంది. దొరకకపోతే వదిలేయండి, అది లేకున్నా నావిగేషన్ నడుస్తుంది.

7. రేడియో యాంటెన్నా, మైకు, కెమెరా

యాంటెన్నా ప్లగ్ సరిపోకపోతే అడాప్టర్ వాడండి, కత్తిరించి అతకొద్దు. ఫక్రా రకం ప్లగ్గులున్న కార్లలో నీలం రంగుది జీపీఎస్‌ది, నలుపు లేదా తెలుపు రేడియోది. చాలా కార్లలో యాంటెన్నాలోనే చిన్న బూస్టర్ ఉంటుంది. నీలం వైరు నుంచి దానికి కరెంటు అందకపోతే దగ్గర స్టేషన్లు కూడా గరగరలాడతాయి. కొన్నిటిలో ఆ కరెంటు యాంటెన్నా కేబుల్ గుండానే వెళ్లాలి, దానికి కరెంటు ఎక్కించే అడాప్టర్ విడిగా ఉంటుంది.

మైకును ఏసీ గాలి తగలని చోట, మీ నోటికి దగ్గరగా పెట్టండి. యూనిట్ ముందున్న చిన్న రంధ్రంలోని మైకుతో సరిపెట్టుకుంటే అవతలివాళ్లకు మీ గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది.

రివర్స్ కెమెరాకు వెనక ఉండే రివర్స్ లైటు నుంచి కరెంటు, వీడియో కేబుల్‌తో పాటు వచ్చే సన్న వైరు యూనిట్ రివర్స్ ట్రిగ్గర్‌కు. కాన్‌బస్ కార్లలో ఆ లైటుకు కరెంటు తునకలు తునకలుగా వస్తుంది, దానివల్ల బొమ్మ వణుకుతుంది. మధ్యలో రిలే లేదా ఫిల్టర్ పెడితే పోతుంది.

8. మూయకముందే పరీక్ష

యూనిట్‌ను వేలాడుతున్నట్టుగానే, కింద గుడ్డ పరిచి, దాని లోహపు ఒళ్లు దేనికీ తగలకుండా పెట్టండి. బ్యాటరీ మైనస్ తగిలించి ఒక్కొక్కటే చూడండి.

- తాళం ఏసీసీకి తిప్పితే ఆన్ కావాలి, తీస్తే ఆగిపోవాలి. డోరు తీస్తే గానీ ఆగని కార్లు కొన్ని ఉన్నాయి, అది కారు పద్ధతి.
- ఒక స్టేషన్ సేవ్ చేసి, తాళం తీసి ఐదు నిమిషాల తర్వాత మళ్లీ పెట్టండి. అది ఉండాలి.
- హెడ్‌లైట్, ఇండికేటర్, హారన్, వైపర్ అన్నీ వేసి చూడండి. యూనిట్ ఆగిపోకూడదు, స్క్రీన్ మాత్రం రాత్రి వెలుతురుకు మారాలి.
- బ్యాలెన్స్, ఫేడర్‌ను ఒక్కో మూలకు తిప్పి నాలుగు స్పీకర్లూ తమ చోటనే మోగుతున్నాయో వినండి.
- రివర్స్ గేరు, స్టీరింగ్ బటన్లు. మామూలు రకమైతే సెట్టింగులో ఒక్కో బటన్ నొక్కి నేర్పించాలి. డీకోడర్ ఉంటే మెనూలో మీ కారు మోడల్ ఎంచుకోవాలి. చాలామంది ఇది మర్చిపోయి వైరింగ్‌ను తిడతారు.
- ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియో, పాట, ఫోన్ కాల్ మూడూ.

జీపీఎస్ కోసం కారును ఆరుబయటికి తీసి నిలపండి. గ్యారేజీ కప్పు కింద నిలిపి సిగ్నల్ రావడం లేదని విసుక్కోవద్దు. మొదటిసారి కొత్త యూనిట్‌కు ఉపగ్రహాల పట్టిక పూర్తిగా అందడానికి పన్నెండు, పదమూడు నిమిషాలు పట్టొచ్చు. చోటు తేలాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాలు అందాలి. సెట్టింగులో ఉపగ్రహాల తెర ఉంటే ఏడెనిమిది అందుతున్నాయో లేదో చూడండి.

9. బిగించండి

వైర్లను యూనిట్ వెనక కుక్కకండి. కింద లేదా పక్కనున్న ఖాళీలోకి తోసి, కప్లర్లకు ఫోమ్ చుట్టి టైలతో కట్టండి. ఏసీ తలుపు తిప్పే కడ్డీలకు, పదునైన రేకు అంచులకు తగలకుండా చూడండి. యూనిట్ సులువుగా లోపలికి వెళ్లాలి. చివరి రెండు సెంటీమీటర్లు మొరాయిస్తే నెట్టకండి, బయటికి తీసి వైర్లు సర్దండి. నెట్టినప్పుడే కప్లర్ ఊడేది, వైరు నలిగేది.

పక్క స్క్రూలు యూనిట్‌తో వచ్చినవే వాడండి. పొడవుగా ఉన్నవి వేస్తే లోపలి బోర్డులోకి దిగుతాయి. స్లీవ్‌తో (యూనిట్ దూరే రేకు చట్రంతో) వచ్చే సింగిల్ డిన్ అయితే స్లీవ్ ముక్కుల్ని గట్టిగా వంచి, వెనక ఆధారపు పట్టీ తప్పకుండా తగిలించండి. అది లేకపోతే కొన్నాళ్లకు యూనిట్ ముక్కు దించేస్తుంది. అన్ని స్క్రూలూ సగం దాకా బిగించి, ఫ్రేమ్ అంచులు సమంగా ఉన్నాయో చూసుకుని, తర్వాత పూర్తిగా బిగించండి. ప్యానెల్ పెట్టాక ఒక స్క్రూ మిగిలితే అది ఎక్కడిదో కనుక్కోండి.

ఇంకా ఇబ్బంది ఉంటే

స్టేషన్లు, గడియారం పోతుంటే పసుపు, ఎరుపు తారుమారయ్యాయి, లేదా రెండింటినీ తాళం లైనుకే కలిపారు.

ఇంజిన్ వేగంతో పాటు కూత పెరుగుతుంటే ముందు ఎర్త్ చూడండి. విడి ఆంప్లిఫయర్ ఉంటే దాని కరెంటు వైరు ఒక పక్క, సిగ్నల్ కేబుళ్లు ఇంకో పక్క లాగండి. ఫిల్టర్ కొనడం ఆఖరి మాట.

శబ్దం పెద్దదే, కానీ డుబుక్ అనే బేస్ లేదు. ఏదో ఒక స్పీకర్ ప్లస్, మైనస్ తిరగబడింది. బ్యాలెన్స్ పూర్తిగా ఒక పక్కకు తిప్పినప్పుడు బేస్ పెరిగినట్టు వినిపిస్తే తప్పకుండా అదే.

పెద్ద వాల్యూమ్‌లో ఆగిపోయి మళ్లీ వస్తుంటే ఎర్త్ లూజ్ కాంటాక్ట్, లేదా స్పీకర్ వైరు డోరులో ఎక్కడో బాడీకి తగులుతోంది.

రెండు రోజులు ఆపితే బండి స్టార్ట్ కాకపోవడం అన్నిటికంటే ఇబ్బంది. ఎర్ర వైరును శాశ్వత లైనుకు కలిపితే యూనిట్ రాత్రంతా మేలుకునే ఉంటుంది. 300 మిల్లీ ఆంపియర్లు లాగినా రోజుకు 7.2 ఆంపియర్ అవర్లు పోతాయి. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కాగితం మీద ఆరు రోజులు రావాలి, స్టార్టర్ తిప్పే శక్తి అంతకంటే చాలా ముందే పోతుంది.

ఇబ్బంది లేకపోయినా ఈ కొలత ఒకసారి తీసుకోండి. తాళం తీసి, డోర్లన్నీ మూసి, బ్యాటరీ మైనస్ తీసి, మైనస్ పోలుకూ కేబుల్‌కూ మధ్య మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టండి. కారులోని కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట ఆగండి. రీడింగ్ 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే సరే. ఎక్కువుంటే స్టీరియో ఫ్యూజు తీసి చూడండి, అప్పుడు తగ్గితే దొంగ అదే. మీటరు అలా తగిలించి ఉండగా డోరు తీయడం, తాళం తిప్పడం చేయొద్దు. స్టార్ట్ చేశారంటే మీటరు కాలిపోతుంది.